పొద్దుటి గంట ఎవరు కొట్టారు

మార్కెట్టులో గంట మోగనిదే ఉల్లిపాయ కూడా అటునుంచి ఇటు కదలదు. తెల్లవారకముందే బళ్ళు వచ్చేస్తాయి, రాశులు పోసేస్తారు, కొనేవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని ఏమీ పట్టనట్టు ఆ రాశుల చుట్టూ పచార్లు చేస్తుంటారు. కానీ పెద్ద షెడ్డు మెట్ల పైన వేలాడే ఇత్తడి గంట మోగాక చెప్పిందే ధర. అంతకుముందు ఎవరెంత చెప్పినా అది కబుర్ల కిందికి వస్తుంది గానీ బేరం కిందికి రాదు. ఆ గంట కొట్టేది మార్కెట్టు కార్యదర్శి. ఫలానా నిబంధన ప్రకారం అని ఎక్కడా లేదు. ఎవరు మొదలుపెట్టారో కూడా ఎవరికీ గుర్తులేదు. కార్యదర్శి వస్తాడు, తాడు లాగుతాడు, మార్కెట్టు నిద్రలేస్తుంది.

ఆ మెట్లకు ఎదురుగానే అక్క కొట్టు. గోనెసంచులు, తాళ్ళు, సంచులు కుట్టే దబ్బనాలు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా ఆమెను అక్క అనే పిలుస్తారు, అలా పిలిస్తే సంచి ధర కాస్త దిగుతుందేమోనన్న ఆశతో. దిగదు. ఆమె అందరికీ అక్క కాబట్టి ఆమె మొగుడు అందరికీ బావ. అక్క లెక్కలో లోకంలో ప్రతిదీ సరుకే. కొన్నదీ, అమ్మాల్సిందీ, పాడవకముందే వదిలించుకోవాల్సిందీ. పెళ్ళికి ముందు బావను చూసినప్పుడు కూడా కుట్లు గట్టివో కావో చూసుకునే ఒప్పుకుందని మార్కెట్టులో చెప్పుకుంటారు. బావ దాన్ని కాదనడు. "ఇంతవరకూ తిప్పి పంపలేదు, నాకదే చాలు" అంటాడు, దబ్బనంలోకి పురికొస ఎక్కించుకుంటూ.

అక్కకు ఒక్కడే తమ్ముడు. తల నెరుస్తున్నా ఇంటా బయటా చిన్నోడే. మార్కెట్టు కమిటీలో వేలం సూపర్‌వైజరు. రాశి పక్కన నిలబడి ధర పాడటం, పాట ముగిశాక సరుకు ఎవరిదో ప్రకటించటం అతని పని. ఆ గొంతు అలాంటిలాంటిది కాదు. షెడ్డు ఈ చివర పాట ఎత్తుకుంటే ఆ చివర పావురాలు లేచిపోయేవి. అంత గొంతు పెట్టుకుని ఇరవై ఏళ్ళుగా రాశుల మధ్య ఉల్లిపొట్టులో నిలబడటం అక్కకు నచ్చలేదు. మంచి సరుకు కింది అరలో పడి ఉన్నట్టే అనిపించేది.

పాత కార్యదర్శి పదవీ విరమణ చేయగానే ఆ పై అర ఖాళీ అయింది.

వరస ప్రకారం ఆ కుర్చీ కార్యదర్శి కింద డిప్యూటీగా ఉన్న మేడంకు రావాలి. బక్కపలచటి మనిషి, గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. కానీ ఆమె వస్తోందంటే మార్కెట్టులో కాటాలన్నీ వాటంతటవే సరిగ్గా తూగేవి. కాటా కింద మైనం ముద్ద అంటించినవాడిని, వాడి మొహం చూసే పట్టేసేది. అందుకే వర్తకుల్లో చాలామందికి ఆమె కార్యదర్శి కావటం గొంతులో వెలక్కాయలా ఉంది. అక్క అది కనిపెట్టింది. కమిటీ అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళి, "మనలో పెరిగినవాడు, మన కష్టసుఖాలు తెలిసినవాడు" అని తమ్ముడి పేరు చెవిలో వేసింది. అధ్యక్షుడికి వర్తకుల ఓట్లు కావాలి. వర్తకులకు మెతక మనిషి కావాలి. అక్కకు తమ్ముడి ఎదుగుదల కావాలి. ముగ్గురికీ గిట్టుబాటైన బేరం. చిన్నోడు కార్యదర్శి అయ్యాడు.

మొదటిరోజు అతను గంట కొట్టటానికి మెట్లెక్కినప్పుడు, పాత తాడు పీచు లేచిపోయి ఉందని అక్క కొట్టులోంచి కొత్త తాడు తీసి తనే కట్టించింది. చిన్నోడు దాన్ని లాగిన లాగుడుకు షెడ్డు రేకులు కూడా అదిరాయి.

"గంట కొట్టమంటే ఊడబీకేలా ఉన్నాడే" అన్నాడు బావ.

"కొట్టనివ్వండి. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళు కొడితే విన్నాడు" అంది అక్క.

కుర్చీ వేడెక్కకముందే కోర్టు ఉత్తర్వు వచ్చిపడింది. డిప్యూటీ మేడం నోటితో ఎవరినీ ఒక్కమాట అనకుండా, కిమ్మనకుండా వెళ్ళి కేసు వేసింది. తుది తీర్పు వచ్చేదాకా కార్యదర్శి విధులన్నీ ఆమే చూడాలని, కొత్తగా నియమించినవాడు అందులో వేలు పెట్టకూడదని ఉత్తర్వులో ఉంది.

చిన్నోడు ఆ కాగితం పట్టుకుని నేరుగా అక్క కొట్టుకు వచ్చాడు. సంచుల కట్ట మీద కూలబడ్డాడు.

"అధ్యక్షుడు ఫోన్ చేశాడక్కా. కదలకు, నేను చూసుకుంటానన్నాడు."

"ఆయన చూసుకుంటాడు. నువ్వు లోపలికి పోతే బయటి నుంచి చూసుకుంటాడు" అంది అక్క. "కోర్టుతో పంతం మనకు గిట్టదు. కుర్చీ వదిలెయ్. ముద్ర, తాళాలు ఆవిడ చేతిలో పెట్టి, పెట్టినట్టు సంతకం తీసుకో. ఇవాళే."

చిన్నోడి మొహం మాడిపోయింది. అక్క ఆ మొహం చూడలేకపోయింది. కాగితం మళ్ళీ తీసుకుని, కమిటీ నిబంధనల పుస్తకంలో కార్యదర్శి విధులున్న పేజీ తెరిచి, రెండూ పక్కపక్కన పెట్టుకుని వేలితో చూసుకుంటూ పోయింది. సంతకాలు ఉన్నాయి, ముద్ర ఉంది, లైసెన్సులున్నాయి, తగాదాల పరిష్కారం ఉంది. గంట లేదు.

"గంట మాత్రం వదలకు" అంది.

"అదేంటి?"

"గంట విధుల్లో లేదురా. ఎక్కడా రాయలేదు. కుర్చీ కోర్టుకు, గంట మార్కెట్టుకు. కొట్టు నుంచి కాసేపు పక్కకు వెళ్ళేటప్పుడు పీట మీద తువాలు వేసి వెళ్తాం కదా, ఈ చోటు మనదేనని తెలియటానికి. ఆ గంట నీ తువాలు. పొద్దున్నే నువ్వు కొడుతుంటే మార్కెట్టు నిన్నే కార్యదర్శి అనుకుంటుంది. రేపు తీర్పు మనవైపు వస్తే చోటు వెచ్చగా ఉంటుంది."

సంచి కుడుతున్న బావ తలెత్తాడు. "అదీ వదిలేస్తే ఓ పనైపోతుంది కదా?"

"మీరు సంచి చూడండి" అంది అక్క.

బావ సంచి చూశాడు.

అలా చిన్నోడు కుర్చీ దిగాడు గానీ మెట్లు దిగలేదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి గంట కొట్టేవాడు. కొట్టాక కాసేపు అక్కడే నిలబడి షెడ్డునంతా కలయజూసేవాడు. రైతులు నమస్కారం పెట్టేవాళ్ళు. "కార్యదర్శిగారూ" అని పిలిస్తే అతను "అబ్బే, ఇప్పుడు కాదులెండి" అనేవాడు, కాని ఆ మాట అనటానికి బోలెడంత సమయం తీసుకునేవాడు. రాశుల దగ్గర పాట వేరే గుమాస్తా పాడుతున్నాడు. గంట కొట్టే చెయ్యి మళ్ళీ ఉల్లిపొట్టులోకి దిగటం చిన్నోడికి చిన్నతనంగా ఉంది.

ఒకరోజు డిప్యూటీ మేడం మెట్ల దగ్గరికి వచ్చి, "ఇది నేను కొట్టాల్సింది కదండీ" అంది నెమ్మదిగా.

"ఉత్తర్వులో గంట గురించి ఉందాండీ?" అన్నాడు చిన్నోడు, అక్క నేర్పినట్టే.

ఆమె ఒక్క క్షణం గంట వంక చూసింది, అతని వంక చూసింది, వెళ్ళిపోయింది. గెలిచాననుకున్నాడు చిన్నోడు. నోటీసు వచ్చాక తెలిసింది, ఆమె వెళ్ళింది వకీలు దగ్గరికని. కోర్టు ధిక్కారం. అధ్యక్షుడి పేరూ, చిన్నోడి పేరూ ఉన్నాయి. స్వయంగా హాజరు కావాలి.

చిన్నోడి వకీలు చలాకీ మనిషి. నల్లకోటు వేసుకునే ముందు దాన్ని రెండుసార్లు దులిపేవాడు. "ఏం భయం లేదమ్మా" అన్నాడు అక్కతో. "ఉత్తర్వు అందిన రోజే కుర్చీ ఖాళీ చేశాం. తెలియక పొరపాటేదైనా జరిగి ఉంటే మన్నించమని ఒక ముక్క పడేద్దాం. నాలుగు నిమిషాల పని."

నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. న్యాయమూర్తి కళ్ళజోడు సర్దుకుని కాగితం చదివి, చిన్నోడిని ముందుకు రమ్మన్నాడు.

"కుర్చీ ఖాళీ చేశానన్నారు."

"చేశానండి. ఆ రోజే."

"ముద్ర, తాళాలు?"

"అప్పగించానండి. సంతకం కూడా తీసుకున్నానండి."

"గంట?"

చిన్నోడు వకీలు వంక చూశాడు. వకీలు ఫైలు వంక చూశాడు. ఫైలు ఎవరి వంకా చూడలేదు.

"గంట నేనే కొడుతున్నానండి. కానీ కార్యదర్శిగా కాదండి."

"మరి ఏ హోదాలో?"

"హోదా ఏం లేదండి. అలవాటుగా."

"ఎప్పటి నుంచి అలవాటు?"

"కార్యదర్శిని అయినప్పటి నుంచీనండి."

వెనక బెంచీల్లో ఎవరో దగ్గినట్టు నవ్వారు. న్యాయమూర్తి నవ్వలేదు. "మీరు కొట్టకముందు అక్కడ సరుకు అమ్ముడుపోతుందా?"

ఆ ప్రశ్నకు నీళ్ళు నమిలినా బాగుండేది. కానీ అడిగింది చిన్నోడి పరపతి గురించి. అతని ఛాతీ దానంతటదే కాస్త ముందుకు వచ్చింది.

"ఎంతమాటండీ. నేను తాడు లాగందే ఒక్క సంచి కదలదండి. మార్కెట్టంతా నా చేతి వంకే చూస్తుందండి."

వెనక కూర్చున్న అక్క కళ్ళు మూసుకుంది. మార్కెట్టులో ఇన్నేళ్ళుగా బేరాలు చూస్తోంది గానీ, అడగనివాడికి సరుకంతా ఊరికే కుమ్మరించిన బేరం ఇదే మొదటిది.

"అంటే ఆ మార్కెట్టుకు కార్యదర్శి ఎవరో మార్కెట్టుకు తెలుసు, మీకు తెలుసు. తెలియనిది ఈ కోర్టు ఒక్కదానికే" అన్నాడు న్యాయమూర్తి. క్షమాపణ కాగితాన్ని కోర్టు గుమాస్తా వైపు తోశాడు. "తాడు చేతిలో పట్టుకుని చెప్పే క్షమాపణ నాకొద్దు. వచ్చే వారం రండి. మీరు ఇంటికి వెళ్ళాలా, ఇంకెక్కడికైనా వెళ్ళాలా అన్నది ఆ రోజు చూద్దాం."

అధ్యక్షుడి వకీలు లేచి, తమవారు నియామకం చేయటం వరకే గానీ గంట సంగతి తమకు బొత్తిగా తెలియదని చెప్పుకున్నాడు. పొద్దున్నే ఆ గంట శబ్దానికి నిద్రలేచే మనిషి గురించి ఆ మాట. న్యాయమూర్తి అదీ రాసుకున్నాడు.

బయట వరండాలో చిన్నోడి వకీలు కోటు దులుపుకోవటం మర్చిపోయాడు. "శిక్ష పడితే జైలు ఒక్కటే కాదమ్మా. కమిటీ ఉద్యోగమే పోవచ్చు. సూపర్‌వైజరు పని కూడా."

కార్యదర్శి పదవి పోతే పోయింది, అది మొన్న వచ్చిన సరుకు. కానీ సూపర్‌వైజరు ఉద్యోగం చిన్నోడి ఇరవై ఏళ్ళ పెట్టుబడి, పిల్లల చదువు, ఇల్లు. తువాలు కోసం ఆ పెట్టుబడిని పణంగా పెట్టించింది తనే. అక్క ఇంటికి వచ్చాక అన్నం కలుపుకుని, కలిపిన అన్నం వంక చూస్తూ కూర్చుంది. "నేను అప్పుడే చెప్పాను" అనే హక్కు ఉండి కూడా అనని మొగుడు ఇంట్లో ఉండటం ఆమెకు ఇంకా కష్టంగా ఉంది.

వాయిదా రేపనగా మధ్యాహ్నం వేలాలు ముగిశాక ఆమె డిప్యూటీ మేడం దగ్గరికి బయల్దేరింది. దారిలోనే లెక్క వేసుకుంది. మొదట ఇంత అడుగుతుంది, మనం ఇంత అంటాం, చివరికి మధ్యలో ఎక్కడో తెగుతుంది. అసలు కేసులో కుర్చీ మీద పట్టు వదిలేస్తామందాం, ధిక్కారం కేసు ఆమె వెనక్కి తీసుకోవాలి. తెగని బేరమంటూ లోకంలో లేదు.

కార్యదర్శి గదిలోకి వెళ్ళేసరికి పెద్ద కుర్చీ ఖాళీగా ఉంది. మేడం తన పాత చెక్కకుర్చీ తెచ్చుకుని అదే బల్లకు పక్కగా వేసుకుని సంతకాలు పెడుతోంది.

"అందులో కూర్చోరేం?" అంది అక్క, ఉండబట్టలేక.

"ఉత్తర్వులో పని చూడమన్నారు. కూర్చోమనలేదు" అంది మేడం. "కూర్చోండక్కా. బేరానికి వచ్చారా?"

అక్క జీవితంలో బేరం మొదలుపెట్టకముందే ఎదుటివాళ్ళు ఆ పేరు పలకటం అదే మొదలు. అయినా తడబడలేదు. చెప్పదలచుకున్నది చెప్పింది. అసలు కేసు, రాజీ, వెనక్కి తీసుకోవటం, అన్నీ వరసగా బల్ల మీద పెట్టింది.

మేడం చివరిదాకా విని, కలం మూత పెట్టింది. "నా కుర్చీ తగాదా నాదీ మీ తమ్ముడిదీ. అది మనం తేల్చుకోవచ్చు. కానీ ఈ ధిక్కారం నాది కాదక్కా. ఉత్తర్వు ఇచ్చింది కోర్టు, మీవాడు కాదన్నది కోర్టునే. జరిగింది చెప్పటం వరకే నా పని. నాది కానిదాన్ని మీకెలా అమ్మను?"

అక్క లెక్క అడ్డం తిరిగింది. కొనేవాడు ఉన్నాడు, సరుకు ఉంది, అమ్మేవాళ్ళే లేరు.

"పోనీ, మీకేం కావాలి?"

"రేపు పొద్దుటి గంట."

"అంతేనా?"

"అంతే. అదీ మీ ఇంట్లోనే ఉంది." మేడం ఫైలు మూసి, "నేనూ వచ్చి తాడు లాక్కోవచ్చు. ఇద్దరం కొడితే ఎవరి గంటకు అమ్మిన సరుకు చెల్లుతుంది? రైతులు ఇద్దరి మధ్యా నలిగిపోతారు. అందుకే కోర్టుకు వెళ్ళాను. మీవాడి మీద కోపంతో కాదు" అంది.

అక్క మెట్లు దిగుతూ అనుకుంది, ఈ మనిషి గనక సంచుల వ్యాపారం పెట్టి ఉంటే తను ఎప్పుడో కొట్టు మూసుకునేదని.

సాయంత్రం కొట్టులో చిన్నోడికి విషయం చెప్పింది. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మార్కెట్టు మొత్తం చూస్తుండగా ఆవిడ చేతికి తాడు ఇవ్వాలా? నా తల ఎక్కడ పెట్టుకోను?"

"ఇప్పుడు ఎక్కడుందో అక్కడే. జైల్లో పెట్టుకోవటం కంటే నయం."

"పట్టుకోమన్నది నువ్వేగా!"

"నేనే. కుర్చీ ఇచ్చి గంట ఉంచుకోమన్నదీ నేనే. సగం సరుకు గోదాములో దాచుకుని అంతా తిరిగిచ్చేశామంటే ఎవడు నమ్ముతాడు? ఆ మాత్రం నాకు తట్టకపోవటం ఏమిటో నాకే అర్థం కావటం లేదు." అక్క తాడు చుట్ట ఒకటి తీసి సర్ది పెట్టింది. "లెక్క తప్పానురా. తప్పిన లెక్కను పట్టుకుని కూర్చుంటే అది ఒప్పవదు. రేపు కోర్టులో ఆ మాట నేనే చెప్తాను, సలహా నాదేనని."

చిన్నోడు తల అడ్డంగా ఊపాడు. "నువ్వు చెప్పకు. లాగింది నేను. నువ్వు చెప్పకపోయినా లాగేవాణ్ణే, అంత బాగుంటుంది అది." కాసేపు తాడు చుట్టల వంక చూస్తూ కూర్చున్నాడు. "అది లేకపోతే నేనెవరిని అక్కా ఆ షెడ్డులో?"

బావ దబ్బనం పక్కన పెట్టాడు.

"నువ్వు పాడటం మానేశాక పావురాలు లేవటం లేదురా. ఆ కొత్త గుమాస్తా పాడుతుంటే గూళ్ళు కట్టుకుంటున్నాయి. రెట్టలన్నీ నా సంచుల మీదే."

వాయిదా రోజు పొద్దున చిన్నోడు మామూలు చొక్కా వేసుకుని వచ్చాడు. మెట్లెక్కి తాడు పట్టుకున్నాడు. షెడ్డంతా నిలబడిపోయింది. కింద డిప్యూటీ మేడం చేతిలో ఫైలు పెట్టుకుని వచ్చి ఆగింది. అక్క కొట్టు తలుపు సగం తెరిచి, ఆ సగంలోనే నిలబడిపోయింది.

చిన్నోడు తాడు వంక చూశాడు. కొత్త తాడు, ఇంకా రంగు కూడా పోలేదు. ఒక్కసారి, ఆఖరుసారి లాగితే ఏం పోతుందని చెయ్యి అనుకుంది. అక్కకు ఆ చెయ్యి ఏమనుకుంటోందో అక్కడి నుంచే తెలిసిపోయింది. "ఇవ్వరా" అని పెదవులు కదిపింది.

చిన్నోడు తాడు వదిలాడు. పక్కకు జరిగి, "రండి మేడం" అన్నాడు.

ఆమె మెట్లెక్కి గంట కొట్టింది. మరీ పెద్దగా కాదు, మరీ చిన్నగా కాదు, వినపడాల్సినంత.

ఎవరూ కదల్లేదు.

కొనేవాళ్ళు రాశుల పక్కన నిలబడి చిన్నోడి వంక చూశారు. రైతులు కొనేవాళ్ళ వంక చూశారు. పాట పాడాల్సిన గుమాస్తా దిక్కులు చూశాడు. ఇన్నాళ్ళూ ఎవరి చేతి వంక చూడటం అలవాటైందో ఆ చెయ్యి ఖాళీగా ఉంది, మరి ఇది గంట కిందికి వస్తుందా రాదా అని అందరికీ అనుమానం. మేడం రెండోసారి కొట్టలేదు. కొడితే మొదటిది చెల్లలేదని తనే ఒప్పుకున్నట్టవుతుంది. తాడు పట్టుకుని అలాగే నిలబడింది. అక్క కొట్టు గుమ్మం దిగింది. ఇవాళ మార్కెట్టు తెరుచుకోకపోతే, మధ్యాహ్నం కోర్టులో తాడు ఇచ్చానని చెప్పినా అది ఉత్తుత్తి ఇవ్వటమే అవుతుంది.

చిన్నోడికి కూడా అది అర్థమైంది. అతను మెట్లు దిగాడు. నేరుగా మొదటి రాశి దగ్గరికి నడిచాడు. ఉల్లిపొట్టులో కాళ్ళు పెట్టి, గుమాస్తాను భుజం పట్టి పక్కకు జరిపి, గొంతు సవరించుకున్నాడు.

"ఉల్లీ, మొదటి రాశీ, అడిగేదెవరయ్యా..."

షెడ్డు ఆ చివర పావురాలు ఒక్కసారిగా లేచాయి. ఎవరో ధర అన్నారు. ఇంకెవరో పైమాట అన్నారు. మార్కెట్టు నిద్రలేచింది.

కోర్టులో ఈసారి న్యాయమూర్తి చిన్నోడిని ఏమీ అడగలేదు. డిప్యూటీ మేడంను లేవమన్నాడు.

"ఇవాళ పొద్దున గంట ఎవరు కొట్టారు?"

"నేనండి."

"వేలం మొదలైందా?"

"కాస్త ఆలస్యంగానండి. వీరు వచ్చి మొదటి రాశి పాడాక మొదలైంది."

"వారు పాడవచ్చా?"

"అది వారి ఉద్యోగమేనండి. వారి కంటే బాగా పాడేవాళ్ళు మా దగ్గర లేరండి."

చిన్నోడు తలెత్తి ఆమె వంక చూశాడు. ఆ మాట ఆమె ఎవరి పక్షాన అందో అతనికి అంతుపట్టలేదు. ఆమె చూసింది చూసినట్టు చెప్పిందంతే.

వకీలు కొత్త క్షమాపణ కాగితం ఇచ్చాడు. అందులో పొరపాటేదైనా జరిగి ఉంటే అన్న ముక్క లేదు. గంట కొట్టాను, కొట్టకూడదు, తప్పయింది, ఇవాళ ఇచ్చేశాను అని మాత్రమే ఉంది. న్యాయమూర్తి చదివి, కాగితాన్ని ఈసారి తన ఫైలులోనే పెట్టుకున్నాడు. గంట సంగతి బొత్తిగా తెలియని అధ్యక్షుడు ఆ తెలియకపోవటాన్ని ప్రమాణం చేసి రాసివ్వాలని, వేరే వాయిదాకు స్వయంగా రావాలని చెప్పాడు. చిన్నోడి వైపు తిరిగి, క్షమాపణ స్వీకరిస్తున్నామని, జైలు లేదని, ఉద్యోగం జోలికి ఎవరూ పోకూడదని అన్నాడు.

"కానీ చేసినదానికి గుర్తుండాలి. ఇవాళ ఈ కోర్టు లేచేదాకా ఆ వెనక బెంచీ మీద కూర్చోండి. అదే శిక్ష."

అక్క కూడా వెళ్ళి పక్కనే కూర్చుంది. ఆమెకు శిక్ష పడలేదని బంట్రోతు చెప్పబోతే, "బెంచీ మీద చోటుంది కదయ్యా" అంది. బెంచీ చెక్క సన్నంగా, మధ్యలో వంగి ఉంది. ఎటు సర్దుకున్నా ఏదో ఒక మేకు తగులుతోంది. పొలం గట్టు కేసు పిలిచారు. అద్దె కేసు పిలిచారు. ఒక ముసలాయన గోడ గురించి గంటసేపు మాట్లాడాడు. మిగతా కోర్టులన్నీ లేచిపోతున్న చప్పుడు వరండాలోంచి వినిపిస్తోంది. ఈ న్యాయమూర్తి మాత్రం మంచినీళ్ళు తాగి ఇంకో ఫైలు తీశాడు.

"అక్కా" అన్నాడు చిన్నోడు గుసగుసగా. "ఈయన లేవడేంటి?"

"కుర్చీ దొరికినవాడు తొందరగా లేస్తాడా? నువ్వు లేచావా?"

చిన్నోడికి నవ్వొచ్చింది. బంట్రోతు కళ్ళెర్రజేస్తే ఇద్దరూ మొహాలు కిందికి దించుకున్నారు.

చివరికి న్యాయమూర్తి లేచాడు. అందరికంటే ముందు చిన్నోడు లేచాడు. బయట మెట్ల మీద డిప్యూటీ మేడం చెప్పులు వేసుకుంటోంది.

"రేపు వేళకు రండి" అంది అతనితో. "గంటకూ పాటకూ మధ్య ఇవాళ్టంత ఖాళీ ఉండకూడదు."

"వస్తానండి, కార్యదర్శిగారూ" అన్నాడు చిన్నోడు.

"ఇంకా డిప్యూటీనే. కేసు ఉంది కదా" అనేసి ఆమె వెళ్ళిపోయింది.

ఆమె రోడ్డు దాటేదాకా చూసి చిన్నోడు అడిగాడు, "అసలు కేసు మనం గెలుస్తామంటావా అక్కా?"

అక్క మనసులో ఆ లెక్క ఎప్పుడో తేలిపోయింది. మేడం చెక్కకుర్చీ చూసినప్పుడే తేలింది.

"ముందు బస్సెక్కరా" అంది. "పొద్దున్నే పాడాలి."